కెమెరా మీద ప్లాస్టర్

"షాకండీ, కరెంట్ షాక్. ఇంకెన్నిసార్లు చెప్పాలి మీకు?" ఆరోగ్యకేంద్రం గుమ్మానికి అడ్డంగా నిలబడి అన్నాడు ఇన్‌స్పెక్టర్. "తడి చేత్తో బ్యాటరీ పెట్టె ముట్టుకుంది, పడింది, పోయింది. ఫైలు మూసేశాను."

"మూసిన ఫైళ్లు తెరవడం నాకు అలవాటే. కాస్త పక్కకు జరగండి."

జరగలేదు. అతనికి నేనంటే ఒళ్లుమంట. ఇంతకుముందు రెండు కేసుల్లో అతను ప్రమాదం అన్నవాటిని నేను హత్యలని తేల్చాను. ప్రైవేట్ డిటెక్టివ్ అంటేనే అతనికి గిట్టదు, అందులోనూ ఆడమనిషంటే మరీను.

"ఇంతకీ మిమ్మల్ని పిలిచిందెవరు? కందకు లేని దురద కత్తిపీటకెందుకు?"

"చనిపోయిన నర్సు చెల్లెలు పిలిచింది. దురద ఉందో లేదో చెప్పడానికి కంద బతికి లేదుగా."

అప్పుడు జరిగాడు.

లోపల ఒకటే గది. బల్ల, బల్ల మీద తెర, తెర నెత్తిన బొటనవేలంత కెమెరా. పక్కన బీపీ మిషను, బరువు తూచే మిషను, ఒక స్టూలు, గదిని రెండుగా చేసే పచ్చ పరదా. ఈ ఊళ్లో డాక్టరు లేరు. పట్నం రెండు గంటల దారి. అందుకని ఒక సేవాసంస్థ ఇక్కడ ఈ తెర పెట్టింది. రోజూ ఉదయం పట్నం నుంచి ఒక లేడీ డాక్టరు తెర మీదికి వస్తుంది. ఇక్కడ నర్సు బీపీ చూసి, బరువు చూసి చెబుతుంది. అక్కడ డాక్టరమ్మ విని, నాలుగు ప్రశ్నలు అడిగి, మందు చెబుతుంది. మగవాళ్లు గుమ్మం దాటకూడదన్నది నర్సు పెట్టిన నియమం. మొగుడికి చెప్పుకోలేనివీ, కన్నతల్లికి చెప్పుకోలేనివీ ఆడవాళ్లు ఈ స్టూలు మీద కూర్చుని చెప్పుకున్నారు. నిన్న ఉదయం ఆ నర్సే ఈ స్టూలు పక్కన శవమై కనిపించింది. అప్పటినుంచి ఊళ్లో ఆడవాళ్లు ఈ వీధి మొహం కూడా చూడటం లేదు.

నేను బల్ల కిందికి వంగి బ్యాటరీ పెట్టె చూశాను.

"దీని స్విచ్ ఎవరు ఆపారు?"

"మేం వచ్చేసరికే ఆపి ఉంది."

"ఆపి ఉన్న పెట్టె షాక్ ఎలా కొట్టింది?"

"పడుతూ పడుతూ చెయ్యి తగిలి ఆగి ఉంటుంది."

"అంటే చచ్చిపోతూ కూడా, తర్వాత వచ్చేవాళ్లకు ప్రమాదం లేకుండా స్విచ్ ఆపి మరీ పడిందన్నమాట. ఎంత బాధ్యత గల మనిషండీ!"

నేను స్విచ్ మళ్లీ వేశాను, ఏ షాకూ కొట్టలేదు. అతని మీసం అదిరింది. కోపంగా జేబులోంచి ఫోన్ తీసి శవం ఫొటోలు చూపించాడు. నర్సు బోర్లా పడి ఉంది. జుట్టు వెనకభాగం రక్తంతో అట్టకట్టింది.

"తల వెనక ఈ దెబ్బేమిటి?"

"పడ్డప్పుడు తగిలింది."

"బోర్లా పడ్డ మనిషికి నేల వచ్చి తల వెనక తగిలిందా?"

నేను ఫొటో పెద్దది చేశాను. ఆమె కుడి అరచేతిలో గుండ్రటి ప్లాస్టర్ ముక్క అంటుకుని ఉంది. గాయాల మీద వేసుకునే మామూలు ప్లాస్టర్. అంచులు నల్లబడి, బాగా పాతబడి ఉంది.

"అది చూడండి," అన్నాడు గెలిచినవాడిలా. "అంతకుముందు కూడా షాక్ కొట్టి చెయ్యి కాలింది. ప్లాస్టర్ వేసుకుంది. నిర్లక్ష్యం ఆవిడకు కొత్త కాదు."

"ప్లాస్టర్ తీసి చూశారా? కింద గాయం ఉందా?"

కాసేపు నసిగాడు. "లేదు. చర్మం బాగానే ఉంది."

బాగానే ఉన్న చేతికి ప్లాస్టర్ ఎవరూ వేసుకోరు. నేను గదిలో ఉన్న ఒక్కొక్క వస్తువూ చూస్తూ వచ్చి తెర దగ్గర ఆగిపోయాను. కెమెరా కంటి మీద ఒక ప్లాస్టర్ ముక్క అతికించి ఉంది. తెల్లగా, కొత్తగా, చదరంగా ఉంది. దాని చుట్టూ జిగురు మరక మాత్రం పాతది, దుమ్ముపట్టినది, గుండ్రటిది.

ఇక్కడ ఇంతకుముందు గుండ్రటి ముక్క ఉండేది. నర్సు దాన్ని పీకింది. పీకిన ముక్క చేతిలో ఉండగానే చచ్చిపోయింది. ఆ తర్వాత ఎవరో కొత్త ముక్క కత్తిరించి, పొందికగా మళ్లీ అతికించి వెళ్లారు. పక్కన శవం ఉండగా అంత తీరిగ్గా ప్లాస్టర్ కత్తిరించిన చెయ్యి అది. ఇన్నేళ్ల ఈ వృత్తిలో కత్తులంటే భయపడలేదు గానీ, తీరిక గల హంతకులంటే నాకు భయమే.

"కెమెరాకు ప్లాస్టర్ ఎందుకు వేశారు?" అన్నాను.

"సిగ్నల్ బలహీనంగా ఉందట. బొమ్మ ఆపేసి గొంతుతోనే నడుపుతున్నారు. ఆడవాళ్లకు కూడా అదే హాయిగా ఉందట, సిగ్గు కదా. పోనిద్దురూ, ఎవరో పనిమనిషి అతికించి ఉంటుంది."

"నిన్నటి నుంచి తాళం మీ దగ్గరే ఉందిగా. పనిమనిషి గోడలోంచి వచ్చిందా?"

సమాధానం కోసం ఆగకుండా వరండాలోకి వెళ్లాను. నేను కబురు పెడితే వచ్చిన అత్తాకోడళ్లు బెంచీ మీద కూర్చుని ఉన్నారు. కోడలికి తొమ్మిది నెలలు నిండాయి. శవాన్ని మొదట చూసింది ఈ పిల్లే. ఊరంతా ఈమెను పిచ్చుక అంటారు. నోట్లో నువ్వుగింజ నానదు, ఒక్క క్షణం వాగుడు ఆగదు కాబట్టి ఆ పేరు. అలాంటి పిచ్చుక ఇప్పుడు పెదవులు బిగించి కూర్చుంది. మొహం ఉబ్బింది. కళ్ల కింద నీరు పట్టింది.

"లోపలికి రామ్మా, మాట్లాడుకుందాం," అన్నాను.

"నేను రాను."

"అక్కడ ఇప్పుడు ఏమీ లేదమ్మా. శవాన్ని తీసేశారు."

"ఆ పెట్టె ఉందిగా." తెరవైపు చూడను కూడా చూడలేదు. "దాని దగ్గర నేను మాట్లాడను."

"పెట్టె ఏం చేస్తుంది?"

అత్తగారే అందుకుంది. "నిన్నటి నుంచి ఇదే వరస అమ్మాయ్. తిండి లేదు, నిద్ర లేదు. తలనొప్పి అంటుంది, కళ్ల ముందు మిణుగురులు ఎగురుతున్నాయంటుంది. దీని మొగుడేమో ఎక్కడో ఓడల్లో పని, నెల దాకా రాడు. నేనొక్కదాన్నీ ఏం చెయ్యను?"

తలనొప్పి, కళ్ల ముందు మిణుగురులు, ఉబ్బిన మొహం. మా చిన్నక్క ఇలాగే ఉండి కాన్పు గదిలో ఫిట్స్ వచ్చి చావు అంచుదాకా వెళ్లి వచ్చింది. ఇది హత్య కేసు కన్నా ముందు చూడవలసిన సంగతని నాకు అర్థమైంది. నేను ఏమి చేయాలా అని చూస్తుండగానే లోపల తెర మోగింది.

ముగ్గురం ఉలిక్కిపడ్డాం. నేనే వెళ్లి మీట నొక్కాను. తెర నల్లగానే ఉంది, గొంతు మాత్రం వచ్చింది. గరగరలాడే లైనులో కూడా మెత్తగా వినిపించే ఆడగొంతు.

"నేను డాక్టర్‌ని. పాపం, నర్సు సంగతి విన్నాను. నోట మాట రావడం లేదు. అక్కడెవరున్నారు?"

నేనెవరో చెప్పాను. చివరిసారి నర్సుతో ఎప్పుడు మాట్లాడారని అడిగాను.

"మొన్న సాయంత్రం. మామూలుగానే మాట్లాడింది."

"కెమెరాకు ప్లాస్టర్ ఎవరు వేశారు?"

"తనే వేసింది. బొమ్మ పెడితే లైను తెగిపోతోందని నేనే ఆపేయమన్నాను. అది తర్వాత చూద్దాం. నిండు చూలాలు ఒకమ్మాయి ఉండాలి, నిన్న చూపించుకోలేదు. నాకు రాత్రంతా అదే దిగులు. అక్కడుందా?"

తన కష్టం పక్కన పెట్టి రోగిని అడిగే డాక్టరంటే నాకు గౌరవం. మంచి మనిషి అనుకున్నాను. పిచ్చుకను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి స్టూలు మీద కూర్చోబెట్టాను. ఆ గొంతు వినగానే పిల్ల నా మణికట్టు పట్టుకుంది, ఉడుంపట్టు. ఈ గదిలో శవాన్ని చూసింది కదా, ఆ బెదురే అనుకున్నాను. బీపీ మిషను పట్టీ చేతికి చుట్టి మీట నొక్కితే నూట డెబ్భై, నూట పది చూపించింది. చదివి వినిపించాను.

"అమ్మో, ఆలస్యం చేయకూడదు. ఇప్పుడే బండి పంపిస్తాను. ఇంట్లో ఎవరెవరున్నారు? మొగుడు ఊళ్లో ఉన్నాడా?"

"లేడండీ, నెలదాకా రాడు. అత్తగారు ఒక్కతే," అన్నాను నేనే.

"సరే, సిద్ధంగా ఉంచండి." లైను తెగింది.

పిచ్చుక కదల్లేదు. "అక్కా, నేను వెళ్లను. ఇంట్లోనే కంటాను. ఏమన్నా కానీ, ఆ బండి ఎక్కను."

"పిచ్చిదానా, ఈ బీపీతో ఇంట్లో కంటావా? నీకూ, లోపలున్నదానికీ ఇద్దరికీ ప్రమాదం. నా మాట విను. ఆసుపత్రిలో నీ వెంట్రుక కూడా వంగదు. నేను మాట ఇస్తున్నాను."

నా మొహంలోకి చాలాసేపు చూసింది. "నువ్వు కూడా వస్తావా మరి?"

"ఇక్కడ చిన్న పని ఉంది. అయిపోగానే వెనకే వచ్చేస్తాను. మీ అత్త వస్తోందిగా తోడు," అని ఆమె ఫోన్‌లో నా నంబరు ఎక్కించాను.

బండి అరగంటలోపే వచ్చింది. సందు ఇరుకు కావడంతో వీధి చివర ఆపి హారన్ కొట్టారు. "చూశారా మా దగ్గర సర్వీసు!" అని ఇన్‌స్పెక్టర్ నాకు గొప్ప చెప్పాడు. పిచ్చుక అత్త భుజం పట్టుకుని, కాలు తీసి కాలు వేస్తూ వెళ్లింది. మలుపు దగ్గర ఒకసారి వెనక్కి తిరిగి చూసింది. నేను చెయ్యి ఊపాను.

లోపలికి వచ్చి ఇన్‌స్పెక్టర్ ఫోన్‌లోని ఫొటోనూ, కెమెరా చుట్టూ ఉన్న జిగురు మరకనూ పక్కపక్కన పెట్టి అతనికే చూపించాను. గుండ్రటి ముక్క ఒక పక్క కాస్త నలిగి ఉంది. మరక కూడా అదే పక్క నలిగి ఉంది. అతను రెండుసార్లు చూశాడు, మూడోసారి కళ్లజోడు పెట్టుకుని చూశాడు.

"సరే, ఆవిడే పీకింది. పీకితే ఏమైంది?"

"పీకిందంటే, గొంతుతో కాదు, ఎదురుబొదురుగా చూసి మాట్లాడాలనుకుంది. అది ఇష్టం లేనివాళ్లు మళ్లీ అతికించారు. ఈ తెర గుడ్డిగానే ఉండాలని ఎవరికో ఉంది. ఎవరికి?"

"ఆ ఎవరో మీరే చెప్పండి, అన్నీ తెలిసినవారు కదా."

చెప్పలేకపోయాను. చెప్పగలిగే మనిషి సరిగ్గా అప్పుడే రొప్పుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. పిచ్చుక అత్తగారు.

"నువ్వు వెళ్లలేదా పెద్దమ్మా?" అన్నాను.

"ఎక్కనిస్తేగా! తలుపు తీసి దాన్ని లాక్కున్నాడు, నేను కాలు పెట్టబోతే మొహం మీదే తలుపేశాడు. చోటు లేదట! తెల్ల వ్యాను, లోపల చీకటి, అద్దాలకు నల్ల కాగితాలు. నేను బండి వెనక పరుగెత్తాను అమ్మాయ్, ఈ వయసులో." గుమ్మంలోనే కూలబడింది. "దాని మాట నేను వినాల్సింది. ఆ పెట్టెలో మనిషి మంచిది కాదత్తా అంటూనే ఉంది. నేనే నోరు మూసుకోమన్నాను. డాక్టరమ్మను అలా అంటే కళ్లు పోతాయన్నాను."

ఆమె ముందు కూర్చున్నాను. "నాకు మొదటినుంచీ చెప్పు. పిచ్చుక ఎందుకలా అంది?"

"మొన్న సాయంత్రం అది మందుల కోసం వచ్చి పరదా వెనక కూర్చుందట. నర్సమ్మ చూసుకోలేదు. డాక్టరమ్మతో గట్టిగట్టిగా మాట్లాడుతోందట. 'ఇదిగో నా కెమెరా తెరిచాను. మీరూ తెరవండి. ఒక్కసారి మొహం చూపించండి, లేకపోతే రేపే బయల్దేరి పట్నం వస్తాను' అందట. డాక్టరమ్మ నవ్విందట, అంతే. తెల్లారేసరికి నర్సమ్మ లేదు."

"మొహం చూపించమని ఎందుకడిగింది?"

"ఎందుకేమిటి, మేమందరం అనుకునేదే. ఇదివరకు బొమ్మ కనిపించేటప్పుడు ఆ తల్లి మొదట అడిగేది కాళ్లు. కాళ్లు పైకి పెట్టు, బొటనవేలితో నొక్కు, గుంట పడుతోందేమో కెమెరాకు చూపించు అనేది. నాలుక చూసేది, కనురెప్ప కిందికి లాగి చూసేది. ఆ తర్వాత నంబరు మారిందని సంస్థ నుంచి మెసేజ్ వచ్చింది. అప్పటినుంచి బొమ్మ పోయింది. గొంతు కూడా వేరేలా వినిపించేది గానీ లైను బాగోలేదు కదా అనుకున్నాం. కాళ్ల ఊసే లేదు. ఎన్నో నెల, ఇంట్లో ఎవరున్నారు, మొగుడెక్కడ, ఇవే ప్రశ్నలు."

అవే ప్రశ్నలు అరగంట క్రితం నన్నూ అడిగింది. నేను తడుముకోకుండా జవాబు చెప్పాను.

"ఆ బండి ఇంతకుముందు వచ్చిందా?"

"రెండుసార్లొచ్చింది. ఒకసారి దర్జీ పెళ్లాం కోసం, ఇంకోసారి ఇటుకబట్టీ పిల్ల కోసం. ఇద్దరూ ఒట్టి చేతులతో తిరిగొచ్చారు. బిడ్డ పోయిందన్నారట. చూపించను కూడా లేదట, చూస్తే తట్టుకోలేరని. నర్సమ్మ నెత్తీనోరూ బాదుకుంది. ఇద్దరూ గుండ్రాళ్లలా ఉన్నారే, ఇద్దరి బిడ్డలూ ఎలా పోతారు అని ఒకటే గోల."

నేను ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగాను. అతని మొహంలో వెటకారం లేదు.

"పట్నం రెండు గంటల దారి కదా," అన్నాను. "బండి అరగంటలో ఎక్కడినుంచి వచ్చింది?"

అతను ఫోన్ తీశాడు. పట్నం పెద్దాసుపత్రి నంబరు కలిపి, లైను మీద లైను మార్పించి, చివరికి ఆ డాక్టరునే పట్టుకున్నాడు. స్పీకర్ పెట్టాడు. స్ఫుటమైన గొంతు, మాటలో కాస్త కరుకు.

"ఆ కేంద్రమా? అది మూసేశారుగా! ఆడవాళ్లు రావడం లేదు, సిగ్నల్ అందడం లేదు, ఇక ఫోన్ చేయవద్దని నర్సు పేరుతో నాకు మెసేజ్ వచ్చింది. వానలకు ముందే. ఎందుకడుగుతున్నారు?"

ఇక్కడివాళ్లకు నంబరు మారిందని చెప్పి, అక్కడామెకు కేంద్రం మూతపడిందని చెప్పి, మధ్యలో ఎవరో వచ్చి కూర్చున్నారు. రెండువైపులా తెలిసిన మనిషి. సంస్థ లోపలి మనిషి.

"ఉండండి," అంది డాక్టరు. "అక్కడ ఒక వాగుడుకాయ పిల్ల ఉండాలి. తొలి కాన్పు. బీపీ వచ్చేలా ఉందని నాకు మొదటినుంచీ అనుమానం. ఎలా ఉంది? కాళ్లు వాచాయా? నొక్కి చూశారా?"

పిచ్చుక అత్తగారు నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. "ఇదీ మా డాక్టరమ్మ," అని ఏడ్చింది.

నేను బీపీ అంకె చెప్పాను.

"ఆ అమ్మాయిని ఇప్పుడే ఆసుపత్రిలో చేర్చాలి. ఏ నిమిషమైనా ఫిట్స్ రావచ్చు. ఎక్కడుంది?"

ఎక్కడుందో నాకు తెలిస్తే కదా. వెళ్లనని మొత్తుకున్న పిల్లను మాట ఇచ్చి మరీ పంపింది నేను. ఏడుపు వచ్చింది. ఏడవడానికి టైము లేదు. ఇన్‌స్పెక్టర్ అప్పటికే వరండాలోకి దూకాడు. "తెల్ల వ్యాను, అద్దాలకు నల్ల కాగితాలు, ప్రతి రోడ్డూ మూయండి!" అని వైర్‌లెస్‌లో అరుస్తున్నాడు. మా ఇద్దరి మధ్యా మొదటిసారి పేచీ లేదు.

పిచ్చుక ఫోన్ ఆమె దగ్గరే ఉందని అత్తగారు చెప్పింది. నేను నంబరు నొక్కబోతుండగా నా చేతిలోని ఫోనే మోగింది. పిచ్చుకే.

"అక్కా!" పాత గొంతు తిరిగొచ్చింది. గలగలలాడుతోంది. "ఊరికే భయపడ్డానక్కా. ఇక్కడ పక్క కూడా మెత్తగా ఉంది. అత్తను ఎక్కించుకోలేదని కోప్పడుతోందా? చెప్పు, దిగులు పడొద్దని."

"ఎక్కడున్నావు తల్లీ?" ఇన్‌స్పెక్టర్‌ను చేత్తో పిలిచాను. "కిటికీలోంచి ఏమన్నా కనిపిస్తోందా?"

"కిటికీకి కాగితాలక్కా, ఏం కనిపించదు. నీకో సంగతి చెప్పనా? డాక్టరమ్మే వచ్చింది! నా కోసం తనే వచ్చింది, నా పక్కనే కూర్చుంది. అదే గొంతు. మొహం ఎంత చల్లగా ఉందనుకున్నావు! నేను ఉండబట్టలేక అడిగేశాను కూడా. నర్సమ్మ మిమ్మల్ని మొహం చూపించమని గొడవపెట్టింది కదా, నేను పరదా వెనకుండి విన్నాను, పాపం ఆవిడకెందుకు చూపించలేదు అని."

"ఏమంది?"

"నవ్విందక్కా. చూపించిందట. ఆ అరగంటలోనే తనే స్వయంగా వచ్చి చూపించిందట."

ఆ తర్వాత ఎవరో ఆమె చేతిలోంచి ఫోన్ మెల్లగా తీసుకున్న చప్పుడు వినిపించింది.